బ్రాండన్ రాయ్ ఆ నాలుగో క్వార్టర్ ఎలా ఆడాడు, ఆ మోకాళ్ళు ఎందుకు నిలవలేదు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మొదటిది: 2011 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌లలో, డల్లాస్ మీద ఒక్క క్వార్టర్‌లోనే (12 నిమిషాల్లో) 18 పాయింట్లు కొట్టిన పోర్ట్‌లాండ్ ఆటగాడు బ్రాండన్ రాయ్, ఎనిమిది నెలలు తిరగకుండానే 27 ఏళ్ళ వయసులో ఆట మానేస్తున్నానని ఎందుకు ప్రకటించాడు, అంత బాగా ఆడినవాడి మోకాళ్ళు నిజంగా అంత పాడయ్యాయా అని. రెండోది మీ గురించి: కాలేజీ జట్టుకు ఆడుతున్న మీకు మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్త) చిరిగిందన్నారు, ఇంజెక్షన్ వేయించుకుని రాయ్ లాగే పట్టుదలగా ఆడేస్తే వచ్చే నెల టోర్నమెంటు గట్టెక్కుతానా అని.

మొదటిదానికి జవాబు: పాడయ్యాయి. ఆ మ్యాచ్ నాటికే పాడైపోయి ఉన్నాయి. ఆ రోజు రాయ్ ఆడింది మోకాళ్ళు బాగుపడి కాదు. అతని ఆటలో మోకాళ్ళ మీద ఆధారపడని భాగం చాలా పెద్దది, ఆ పన్నెండు నిమిషాల్లో బయటికొచ్చింది అదే. రెండోదానికి జవాబు: ఏ మెనిస్కస్, ఎక్కడ, ఎలా చిరిగిందో తెలియకుండా కోర్టులోకి దిగొద్దు. ఇంజెక్షన్‌తో నొప్పి చంపుకుని అసలే దిగొద్దు. కారణాలు వివరంగా రాస్తున్నాను. రాయ్ విషయంలో మీకు పనికొచ్చేది ఆ క్వార్టర్ కన్నా దానికి ముందు వరసగా జరిగిన ఆపరేషన్లు.

ముందు ఆ మ్యాచ్ సంగతి

2006 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్ళను వరసగా ఎంచుకునే చోట) ఆరో పిక్‌గా వచ్చిన రాయ్ మొదటి ఏడే రూకీ ఆఫ్ ది ఇయర్, అంటే ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు. 2008, 2009, 2010 మూడేళ్ళూ ఆల్ స్టార్. 2008 డిసెంబర్‌లో ఫీనిక్స్ మీద 52 పాయింట్లు, 2009 ప్లేఆఫ్స్‌లో హ్యూస్టన్ మీద 42. 2008-09 సీజన్ సగటు 22.6. ఇవి ఎందుకు చెబుతున్నానంటే, డల్లాస్ మ్యాచ్ ఒక్కటే చూసినవాళ్ళు అతన్ని ఒక్కరోజు మెరిసిన ఆటగాడనుకుంటారు. కాదు, అప్పటికి నాలుగేళ్ళుగా పోర్ట్‌లాండ్ జట్టు నడుస్తున్నదే అతని మీద.

2011 ఏప్రిల్ నాటికి పరిస్థితి వేరు. జనవరిలో రెండు మోకాళ్ళకూ ఒకేసారి కీహోల్ ఆపరేషన్ (చిన్న రంధ్రాల గుండా చేసేది) జరిగింది. ఫిబ్రవరి చివర్లో తిరిగొచ్చాడు, కానీ మొదటి ఐదుగురిలో కాదు, బెంచ్ మీద నుంచి. ఆ సీజన్ మొత్తం 47 మ్యాచ్‌లు, సగటు 12.2. డల్లాస్‌తో సిరీస్ రెండో మ్యాచ్‌లో కోచ్ నేట్ మెక్‌మిలన్ అతన్ని ఎనిమిది నిమిషాలు ఆడించాడు, ఒక్క పాయింటు కూడా రాలేదు. బెంచ్ మీద కన్నీళ్ళు ఆపుకోవాల్సి వచ్చిందని రాయ్ తర్వాత విలేకరులతో అన్నాడు. మూడో మ్యాచ్‌లో 16 కొట్టాడు, పోర్ట్‌లాండ్ గెలిచింది. అప్పటికి సిరీస్ 2-1, డల్లాస్ ముందు.

నాలుగో మ్యాచ్ ఏప్రిల్ 23న, పోర్ట్‌లాండ్‌లోనే. మూడో క్వార్టర్ చివర్లో స్కోరు 67-44. ఇరవై మూడు పాయింట్ల తేడా. క్వార్టర్ ముగిసేసరికి 67-49. మామూలుగా అయితే అక్కడితో జనం ఇళ్ళకు లేచిపోవాలి. ఆఖరి 12 నిమిషాల్లో పోర్ట్‌లాండ్ 35, డల్లాస్ 15. ఆ 35లో రాయ్ ఒక్కడివే 18, అంటే డల్లాస్ జట్టు మొత్తం కొట్టినదానికన్నా మూడెక్కువ. ఇంకా నిమిషం పైచిలుకు ఉందనగా త్రీ పాయింటర్ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) వేస్తుంటే ఫౌల్ చేశారు. బంతీ పడింది, ఫ్రీ త్రో కూడా పడింది, నాలుగు పాయింట్లు, 82-82. 39 సెకన్లు మిగిలాయనగా బోర్డుకు తగిలించి వేసిన షాట్‌తో 84-82. డల్లాస్ చివరి ప్రయత్నం పడలేదు. రాయ్ మొత్తం స్కోరు 24.

అవతలి జట్టు ఏదో కూడా గుర్తుంచుకోవాలి. నోవిట్జ్కీ, కిడ్, చాండ్లర్, మేరియన్, టెర్రీ వంటి పేరున్న ఆటగాళ్ళున్న ఆ డల్లాస్ ఈ సిరీస్ 4-2తో గెలిచి, తర్వాత లేకర్స్‌ను 4-0తో ఊడ్చేసి, ఫైనల్లో మయామిని ఓడించి ఛాంపియన్ అయింది. ఆ ప్లేఆఫ్స్ మొత్తంలో అది ఓడినవి ఐదే మ్యాచ్‌లు, వాటిలో ఇదొకటి. అందుకే నా లెక్కలో ఇది గాయపడ్డ ఆటగాళ్ళు ఆడిన గొప్ప క్వార్టర్లలో మొదటి వరసలోది.

గుజ్జు లేని మోకాళ్ళతో ఎలా సాధ్యమైంది?

రాయ్ ఎత్తు ఆరడుగుల ఆరంగుళాలు, గార్డులకు అది మంచి ఎత్తు. కానీ అతను ఎగిరి గెలిచే రకం ఎప్పుడూ కాదు. అతని ఆట వేగంలో కాదు, వేగం మార్చడంలో ఉంది. స్క్రీన్ (డిఫెండర్ దారికి సహచరుడు అడ్డు నిలబడటం) అందుకుని రెండు డ్రిబుళ్ళు మెల్లగా వేస్తాడు. డిఫెండర్‌ను తన తుంటికి ఆనించి వెనకే ఉంచుకుంటాడు. అవతలివాడు ముందుకు రావాలా వెనక్కి తగ్గాలా అని తేల్చుకునేలోపు ఒక భుజం దించి సందులోకి దూరతాడు. ఫ్రీ త్రో గీత చివర దగ్గర రెండు కాళ్ళ మీదా ఆగి షాట్ వేస్తాడు. కావాలంటే ఆ క్వార్టర్ మళ్ళీ చూడండి: దాదాపు ఏ షాట్‌కూ అతను డిఫెండర్ మీదుగా ఎగరలేదు. డిఫెండర్ కాలు తప్పు దిక్కున పడ్డాక వేశాడు.

బోర్డుకు తగిలించే షాట్ కూడా అలాంటిదే. పక్క నుంచి, సుమారు 45 డిగ్రీల కోణంలో, బోర్డు మీది చిన్న చదరంలో తన వైపు పై మూలకు తగిలిస్తే బంతిని అంత ఎత్తు ఎగిరి వదలాల్సిన పని ఉండదు. మోకాళ్ళు సహకరించనివాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు ఆ షాట్ మీద బతకడానికి కారణం అదే.

ఇంకో రెండు సంగతులు కలిసొచ్చాయి. ఒకటి, ప్లేఆఫ్స్ నాలుగో క్వార్టర్లో పరుగులు తగ్గుతాయి. ఇటు నుంచి అటు ఉరికే ఆట కన్నా సగం కోర్టులో నిలబడి ఆడే ఆట ఎక్కువ. రెండు, అంతకుముందు మ్యాచ్‌లలో అతను ఎక్కువసేపు ఆడలేదు కాబట్టి మోకాళ్ళ మీద పోగైన భారం తక్కువ. ఆ ఉద్వేగంలో మెదడు నొప్పిని కొంతసేపు అణిచేస్తుంది, ఇది ఏ ఆటలోనైనా కనిపించేదే. నొప్పి తగ్గడం వేరు, ఎముకల మధ్య ఏముందో అది వేరు.

అలాగని ఇలాంటి ఆట మోకాళ్ళకు మేలు చేస్తుందనుకోవద్దు. ఎగరడం తగ్గించినా, ఉన్నట్టుండి ఆగడం మోకాలికి పెద్ద శిక్ష. పరుగు ఆపే ఆ ఒక్క అడుగులో తొడ ముందు కండరం మోకాలి చిప్పను గట్టిగా వెనక్కి నొక్కుతుంది. రాయ్ ఆట అంతా ఆగడం, కదలడం, మళ్ళీ ఆగడం. అతని తెలివి మోకాళ్ళ లోటును కప్పిపుచ్చింది, అదే సమయంలో వాటిని అరగదీస్తూనే ఉంది.

మోకాలి లోపల అసలేం పోయింది

మన వాడుకలో ‘మోకాలి గుజ్జు’ అనే మాట రెండు వేర్వేరు వాటికి వాడేస్తాం. సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది.

మొదటిది కార్టిలేజ్: ఎముకల చివర్లకు తొడుగులా అంటుకుని ఉండే నున్నటి పొర. చాలా చోట్ల మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లే. దానికి రక్తనాళాలు లేవు, అందుకే అరిగితే తిరిగి పెరగదు. నరాలూ లేవు, అందుకే అరుగుతున్నప్పుడు మొదట్లో తెలియదు. నొప్పి పుట్టేటప్పటికి భారం కింద ఎముక దాకా, మోకాలి లోపలి పొర దాకా చేరిపోయి ఉంటుంది.

రెండోది మెనిస్కస్. గుండ్రటి కుండను చదునైన నేల మీద పెడితే ఒక్క చోటే ఆని దొర్లుతుంది, అందుకని కింద చుట్టకుదురు పెడతాం. తొడ ఎముక చివర గుండ్రం, కింది కాలి ఎముక పైభాగం దాదాపు చదును. మధ్యలో లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి, నెలవంక ఆకారంలో ఉండే రెండు కుదుళ్ళే మెనిస్కస్‌లు. కాలు చాపి నిలబడ్డప్పుడు మోకాలి మీద పడే బరువులో దాదాపు సగం ఇవే మోస్తాయి. మోకాలు 90 డిగ్రీలు వంచితే ఆ వాటా 85 శాతం దాకా వెళ్తుంది. మామూలుగా నడిచేటప్పుడే మోకాలి మీద ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు పడుతుంది, ఎగిరి దిగితే ఇంకా ఎక్కువ. కుదురు పూర్తిగా తీసేస్తే కుండ మళ్ళీ ఒకే చోట ఆనినట్టు, కార్టిలేజ్ మీద ఒత్తిడి రెండు మూడు రెట్లవుతుంది. కొంత భాగమే తీసినా, తీసిన మేరకు పెరుగుతుంది. మెనిస్కస్ తీసేసిన మోకాళ్ళు ఏళ్ళు గడిచేకొద్దీ ఎలా మారతాయో ఎక్స్‌రేల్లో గమనించి ఫెయిర్‌బ్యాంక్ అనే సర్జన్ 1948లోనే రాశాడు. అంటే ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు.

ఇప్పుడు రాయ్ వరస చూడండి. కాలేజీ రోజుల్లోనే కుడి మోకాలి మెనిస్కస్ చిరిగింది. 2008 వేసవిలో ఎడమ మోకాలికి కీహోల్ ఆపరేషన్. 2010 ఏప్రిల్‌లో మళ్ళీ కుడి మెనిస్కస్ చిరిగింది, 16న ఆపరేషన్. 24న, అంటే ఎనిమిదో రోజు, ఫీనిక్స్‌తో ప్లేఆఫ్ మ్యాచ్ ఆడాడు. ఎనిమిది రోజుల్లో తిరిగొచ్చాడంటే చిరుగును కుట్టి బాగుచేయలేదని అర్థం, కుట్టు అంత త్వరగా అతకదు. 2010 చివరికల్లా రెండు మోకాళ్ళలోనూ ఎముకల మధ్య ఏమీ మిగల్లేదన్న మాట బయటికొచ్చింది. 2011 జనవరిలో రెండింటికీ మళ్ళీ ఆపరేషన్.

డల్లాస్ మ్యాచ్ చూసినవాళ్ళు ఆ సాయంత్రం ‘రాయ్ తిరిగొచ్చాడు’ అనుకున్నారు. ఒక మ్యాచ్ చూసి మోకాలి గురించి తీర్పు చెప్పలేం. మ్యాచ్‌లో ఏం చేశాడన్నది కాదు, మర్నాడు పొద్దున మోకాలు ఎలా ఉంది, వరసగా నాలుగు మ్యాచ్‌లు ఆడాక ఎలా ఉంది అన్నదే పరీక్ష. ఎన్‌బీఏ రెగ్యులర్ సీజన్ 82 మ్యాచ్‌లు, కొన్నిసార్లు వరసగా రెండు రోజులు. గుజ్జు లేని మోకాలు ఆడిన ప్రతిసారీ వాస్తుంది, నీరు చేరుతుంది. ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఒకటుంది: మోకాట్లో 20 నుంచి 30 మిల్లీలీటర్ల నీరు చేరితే చాలు, తొడ ముందు భాగంలో లోపలి కండరం సరిగా బిగుసుకోదు. అంటే నాలుగు నుంచి ఆరు టీ చెంచాలు. కండరానికి జబ్బేమీ ఉండదు, నొప్పి కూడా లేకపోవచ్చు. మోకాలి నుంచి వెళ్ళే సంకేతాల వల్ల వెన్నుపాము దగ్గరే దాని బలానికి కళ్ళెం పడుతుంది. కండరం బిగియకపోతే దిగినప్పటి దెబ్బ నేరుగా ఎముకల మీద పడుతుంది, ఇంకా వాస్తుంది, కండరం ఇంకా సన్నబడుతుంది. ఈ చక్రంలో పడ్డవాడికి పట్టుదల అక్కరకు రాదు. ఎంత పట్టుదలగా ఆడితే చక్రం అంత వేగంగా తిరుగుతుంది.

2011 డిసెంబర్‌లో మోకాళ్ళ అరుగుదల కారణంగానే రిటైర్మెంట్ ప్రకటించాడు. మరుసటి ఏడు, తన రక్తం నుంచే తయారుచేసే ఇంజెక్షన్ల చికిత్స తీసుకుని మినెసోటాకు ఆడటానికి వచ్చాడు. ఐదు మ్యాచ్‌లు. మళ్ళీ మోకాలి ఆపరేషన్. అంతే. మొత్తం కెరీర్ 326 మ్యాచ్‌లు, సగటు 18.8. ఆ తర్వాత సియాటిల్‌లో హైస్కూల్ కోచ్ అయ్యాడు, మొదటి సీజన్‌లో నేథన్ హేల్ జట్టు 29 ఆడి 29 గెలిచింది. ఆటను అతను చదివే తీరు మోకాళ్ళలో లేదని చెప్పడానికి నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఏదైనా ఆపరేషన్‌తో బాగుచేయలేకపోయారా అంటారేమో. ఎముకకు సన్నటి రంధ్రాలు పెట్టి కొత్త పొర పెరిగేలా చేసే మైక్రోఫ్రాక్చర్ ఉంది, అదే జట్టులోని గ్రెగ్ ఓడెన్‌కు రెండు మోకాళ్ళకూ చేశారు. అది చిన్న గుంత పడ్డ చోట పూడ్చడానికి. పైగా పెరిగే పొర పాత పొరంత గట్టిది కాదు. కుదురు పోయి, పొర అంతటా అరిగిన మోకాలికి అది పనిచేయదు. మోకాలు మార్పిడి చేస్తే నొప్పి లేకుండా నడవొచ్చు, ఎన్‌బీఏ ఆడలేరు.

వేరే గాయాలతో పోలిక

అందరి గాయాలూ ఒకటి కావు, ఇది మీకు నేరుగా సంబంధించిన విషయం.

డెరిక్ రోజ్‌ను తీసుకోండి. 2009లో తన మొట్టమొదటి ప్లేఆఫ్ మ్యాచ్‌లోనే బోస్టన్ మీద 36 పాయింట్లు, 11 అసిస్టులు. 2012 ఏప్రిల్‌లో ఎడమ మోకాలి ఏసీఎల్ (మోకాలి ఎముకలను కలిపి పట్టి ఉంచే ఒక లిగమెంట్) తెగింది. లిగమెంట్ తెగితే ఒంట్లో వేరే చోట నుంచి స్నాయువు తీసి కొత్తది కట్టొచ్చు. 2013 నవంబర్‌లో కుడి మెనిస్కస్ చిరిగింది. అప్పుడు కుట్టారు, సీజన్ మొత్తం పోయింది. 2015 ఫిబ్రవరిలో అదే మెనిస్కస్ మళ్ళీ చిరిగింది, ఈసారి చిరిగిన ముక్క తీసేశారు, ఆరు వారాలకు ఆడాడు. ఒకే మోకాలు, ఒకే మెనిస్కస్: కుడితే ఒక సీజన్, తీస్తే ఆరు వారాలు. ఆటగాళ్ళు, జట్లు తీసేయించుకోవడానికే ఎందుకు మొగ్గుతారో ఈ ఒక్క లెక్క చెబుతుంది. రోజ్ పాత వేగం తిరిగి రాలేదు. అయినా 2018 అక్టోబర్‌లో ఒక మ్యాచ్‌లో 50 పాయింట్లు కొట్టాడు, ఆ తర్వాతా ఏళ్ళ తరబడి ఆడాడు.

రసెల్ వెస్ట్‌బ్రుక్‌కు 2013 ప్లేఆఫ్స్‌లో బయటి వైపు మెనిస్కస్ చిరిగితే కుట్టారు. తర్వాత కూడా ఆ మోకాలికి మళ్ళీ ఆపరేషన్లు తప్పలేదు, కానీ 2017లో అతను ఎమ్‌వీపీ, అంటే లీగ్ అత్యుత్తమ ఆటగాడు. ఇంకో వైపు డ్వేన్ వేడ్. కాలేజీలోనే మెనిస్కస్ తీసేయించుకున్నాడు, తర్వాతి మోకాలి బాధలకు అదే మూలమని తానే చెప్పాడు. అయినా మధ్యమధ్య మ్యాచ్‌లు వదిలేస్తూ 2019 దాకా ఆడాడు. కాబట్టి తీసేస్తే కెరీర్ అయిపోయినట్టేనని నేను అనను. ఎంత తీశారు, ఏ వైపుది, కాలు వంకర ఎటు, ఎంత విశ్రాంతి దొరికింది అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. రాయ్‌కు రెండు మోకాళ్ళూ ఒకేసారి పోయాయి, భారం మార్చుకోవడానికి మంచి కాలంటూ లేకుండా పోయింది.

ఇంజెక్షన్ సంగతికి మాత్రం అదే పోర్ట్‌లాండ్ జట్టులో ఇంకా పాత ఉదాహరణ ఉంది. బిల్ వాల్టన్ 1977 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో 20 పాయింట్లు, 23 రీబౌండ్లు, 8 బ్లాకులతో జట్టుకు టైటిల్ తెచ్చాడు. 1978 ప్లేఆఫ్స్‌లో పాదం నొప్పికి ఇంజెక్షన్ తీసుకుని దిగాడు. ఆ తర్వాత ఎక్స్‌రే తీస్తే పాదంలోని నావిక్యులర్ ఎముక విరిగి ఉంది. తర్వాతి సీజన్ అంతా ఆడలేదు. నొప్పి అనేది కాపలావాడు. వాణ్ణి నిద్రపుచ్చి తలుపు తీసి పెట్టకూడదు.

ఇక మీ మోకాలు

రిపోర్టులో ముందుగా చూడాల్సినవి: లోపలి మెనిస్కసా, బయటిదా. చిరుగు బయటి అంచున ఉందా, లోపలి అంచున ఉందా. బయటి అంచు మూడో వంతుకే రక్తం అందుతుంది, అక్కడి చిరుగు కుడితే అతుకుతుంది. లోపలి అంచుకు రక్తం లేదు, అక్కడ అతకడం కష్టం. చిరుగు నిలువుగా ఉంటే కుట్టడం సులువు. అడ్డంగా అంచు నుంచి మొదలు దాకా తెగితే కుదురు తెగినట్టే, పని చేయదు. ‘బకెట్ హ్యాండిల్’ (చిరిగిన పెద్ద ముక్క పక్కకు జరిగే రకం) అని గానీ ‘రూట్’ (ఎముకకు అంటుకునే మొదట్లో తెగడం) అని గానీ రాసి ఉంటే వారాలు గడపొద్దు. మోకాలు ఇరుక్కుపోయి పూర్తిగా చాపలేకపోతున్నా అంతే, ఆ రెండు మూడు రోజుల్లోనే ఆర్థోస్కోపీ (పైన చెప్పిన కీహోల్ ఆపరేషన్) చేసే సర్జన్‌ను కలవండి.

సర్జన్‌ను సూటిగా అడగాల్సినవి మూడు: కుట్టగలరా? కుట్టలేకపోతే ఎంత శాతం తీస్తారు, ఎంత మిగులుతుంది? లోపలికి వెళ్ళాక కుట్టేందుకు వీలుగా కనిపిస్తే కుట్టే సామగ్రి సిద్ధంగా ఉంటుందా? మూడో ప్రశ్న చాలామంది అడగరు. ఆపరేషన్ టేబుల్ మీద నిర్ణయం మారడానికి వీలుండాలంటే ముందే అనుకుని ఉండాలి. టోర్నమెంటు తేదీ మాత్రం సర్జన్‌కు మొదటే చెప్పకండి. తేదీ వినగానే మాటలన్నీ దాని చుట్టూ తిరగడం మొదలవుతుంది.

కుడితే మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు బరువు వేసి మోకాలు 90 డిగ్రీలు దాటి వంచకూడదు. మళ్ళీ ఆటలోకి నాలుగు నుంచి ఆరు నెలలు. మన ఇళ్ళలో కుట్టు తెగేది కోర్టులో కాదు: గొంతుక్కూర్చున్నప్పుడు, నేల మీద బాసింపట్టు వేసుకుని లేచినప్పుడు, ఇండియన్ టాయిలెట్‌లో. ఆ నాలుగు నెలలూ వెస్ట్రన్ టాయిలెట్, కుర్చీలో భోజనం. హాస్టల్లో ఉంటే దీనికి ముందే ఏర్పాటు చేసుకోండి. తీసేస్తే మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. ఎగిరే ఆటగాళ్ళలో బయటి వైపు మెనిస్కస్ తీసినప్పుడు వాపు మొండిగా వేధిస్తుంది, వాళ్ళు ఇంకా ఆగాలి. కొన్ని చిన్న చిరుగులకు ఆపరేషనే అవసరం ఉండదు, వ్యాయామంతో సర్దుకుంటాయి. అది కూడా సర్జన్‌తో మాట్లాడాల్సిందే.

ఏ దారి అయినా, తిరిగి ఆడటానికి తేదీ చూసుకోకండి, మోకాలిని చూసుకోండి.

నీరు ఉందా: కాలు చాపి పడుకుని తొడ వదులుగా ఉంచండి. చిప్పకు లోపలి వైపు కింది నుంచి పైకి అరచేత్తో రెండు మూడు సార్లు నిమరండి. వెంటనే బయటి వైపు పై నుంచి కిందికి ఒకసారి నిమరండి. లోపలి వైపు చిన్న ఉబ్బు అలలా వస్తే నీరు ఉన్నట్టే. ఆ రోజు ఎగరడం లేదు.

కండరం వచ్చిందా: చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు పైన టేపుతో రెండు తొడల చుట్టుకొలత కొలవండి. గాయపడ్డ కాలు ఒక సెంటీమీటరు కన్నా ఎక్కువ సన్నంగా ఉంటే పని మిగిలే ఉంది. తర్వాత ఒంటికాలి దూకు: ఒక కాలితో దూకి అదే కాలి మీద రెండు సెకన్లు కదలకుండా నిలబడాలి. మూడుసార్లు కొలిచి సగటు తీయండి. మంచి కాలి దూరంలో 90 శాతం రావాలి. దూరం వచ్చినా దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలిపోతుంటే అది లెక్కలోకి రాదు. ఎదురుగా నిలబెట్టి ఫోన్‌తో వీడియో తీయించుకుని చూడండి, మనకు మనం తెలియదు.

సాధన పెంచేటప్పుడు ఒక్క నియమం: ఇవాళ చేసినదాని ఫలితం రేపు పొద్దున లేవగానే చూడాలి. పొద్దున మోకాలు బిగుసుకుపోయినా, నీరు కనిపించినా, నిన్నటి దూకుళ్ళలో మూడో వంతు తగ్గించండి. దూకుళ్ళు లెక్కపెట్టండి, నిమిషాలు కాదు. గంటసేపు షూటింగ్ చేస్తే మోకాలికి ఏమీ కాకపోవచ్చు, పది నిమిషాల రీబౌండ్ డ్రిల్‌కు వాచిపోవచ్చు. మన కాలేజీల్లో చాలా వరకు సిమెంటు కోర్టులే. చెక్క కోర్టు దొరికితే ఎగిరే డ్రిల్స్ అక్కడికి మార్చండి, షూటింగ్ సిమెంటు మీదే చేసుకోవచ్చు. బూట్ల అడుగు నలిగి గట్టిపడ్డాక పైన ఎంత కొత్తగా కనిపించినా మార్చేయాలి.

ఇంజెక్షన్ల గురించి: స్టెరాయిడ్ వాపును కొన్ని వారాలు తగ్గిస్తుంది, చిరుగును అతికించదు. పదేపదే వేయిస్తే కార్టిలేజ్‌కే హాని. మొద్దుబార్చే మందు కూడా కార్టిలేజ్ కణాలకు మంచిది కాదు, పైగా చిరిగిన ముక్క ఇరుక్కుంటున్నా మీకు తెలియదు. పొడిచేటప్పుడు ఉన్న చిన్న చిరుగు టోర్నమెంటు అయ్యేసరికి కుట్టలేని చిరుగు కావచ్చు. మీ వయసులో ఒక టోర్నమెంటుకు అంత ధర పెట్టొద్దని నా గట్టి మాట.

ఈ నెలలు ఖాళీగా కూర్చోనవసరం లేదు. డాక్టరు నిలబడొచ్చు అనగానే, నిలబడ్డ చోటే ఎగరకుండా 45 డిగ్రీల కోణం నుంచి బోర్డు షాట్లు, కుడి వైపు 50, ఎడమ వైపు 50, రోజూ. రాయ్ ఆ క్వార్టర్ వీడియోను సగం వేగంలో పెట్టి, బంతిని కాకుండా అతని పాదాలనూ డిఫెండర్ పాదాలనూ చూడండి. అతను ఎక్కడ ఆగుతున్నాడు, ఆగినప్పుడు అవతలివాడి బరువు ఏ కాలి మీద ఉంది అన్నది రాసుకోండి.

రిపోర్టులో మెనిస్కస్ గురించి ఉన్న వాక్యం ఉన్నదున్నట్టు కింద రాయండి. పేరు, ఆసుపత్రి వివరాలు వద్దు. ఏ వైపు, ఏ అంచు, ఏ రకం చిరుగు, మోకాలు పూర్తిగా చాపగలుగుతున్నారా, ఈ నాలుగు చాలు. సర్జన్‌ను ఇంకేం అడగాలో అప్పుడు చెబుతాను.